నొక్కినందుకు వందనాలు

“ఆ పెట్టె ముందు కూర్చుని వేళ్లు ఆడిస్తుంటే అన్నం ఎవడు పెడతాడ్రా?”

“అమ్మా, మెల్లగా. పక్కన నరహరి ఉన్నాడు.”

“ఉండనీ. వింటే విననీ. డాక్టరయ్యాడు డాక్టరయ్యాడని సంఘమంతా చెప్పుకున్నాను. మొన్న చిట్టెమ్మ మనవడికి జ్వరమొస్తే, మీ అబ్బాయిని ఓసారి వచ్చి చూసి పొమ్మనమంది. ఏం చెప్పను? మావాడు జ్వరాల డాక్టరు కాదమ్మా, బావుల డాక్టరని చెప్పనా?”

రేకు గోడకు ఇవతల నోట్లో బ్రష్షుతో నిలబడ్డ నరహరి నవ్వాపుకోలేక నురగ మింగేశాడు.

తార్నాక మెట్రో స్టేషన్ వెనక సందులో, నాలుగంతస్తుల ఇంటి డాబా మీద ఉన్న ఒకే ఒక్క గదిని ఇంటాయన మధ్యలో రేకు కొట్టి రెండు చేశాడు. రేకుకు అటువైపు శాంతికుమార్, ఇటువైపు నరహరి. ఒకరు దగ్గితే ఇంకొకరు లేవాల్సిందే. శాంతికుమార్ యూనివర్సిటీలో చరిత్ర చదివి, నగరంలోని పాత బావుల మీద పరిశోధన చేసి, పీహెచ్‌డీ పట్టా కూడా పుచ్చుకున్నాడు. లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూనే జుట్టు పల్చబడింది. హాస్టల్ వాళ్లు ఇక చాలన్నాక ఈ డాబా ఎక్కాడు. తల్లి రత్నమ్మది ఏలూరు దగ్గర పల్లె. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే భర్త వెంట లాలాగూడ వచ్చింది. భర్త పోయాక చర్చిలో ఆదివారం పిల్లలకు పాఠాలు చెబుతూ, జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేస్తూ, సంఘం ఇచ్చేదాంతో ఒంటిగదిలో బతుకుతోంది. మోకాళ్లు అరిగిపోయాయి. ఎవరింటికి పిలిచినా మెట్ల లెక్క అడిగి మరీ వెళ్తోంది.

నరహరి సంగతి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఇదే క్యాంపస్‌లో ఇంజినీరింగ్ సగంలో వదిలేశాడు. బైక్ మీద పార్సిళ్లు మోసి వదిలేశాడు. జిమ్‌లో, మెడికల్ షాపులో చేరి వదిలేశాడు. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లకూ టిఫిన్ సెంటర్లకూ వెబ్‌సైట్లు చేసిపెడుతున్నాడు, ఇది మాత్రం ఇంకా వదల్లేదు. “నువ్వు దున్నిన చెల్క సగమే, నువ్వు తిన్న బువ్వ సగమే” అని ఊళ్లో వాళ్లమ్మ లచ్చవ్వ అనేది.

“నరహరీ! వింటున్నావు కదా, ఇటు రా బాబూ” అని కేకేసింది రత్నమ్మ.

మూతి తుడుచుకుని వెళ్లాడు. మంచం మీద విప్పని టిఫిన్ క్యారియర్. దాని పక్కన కోచింగ్ సెంటర్ వాళ్లు ఇచ్చిన ఉద్యోగం కాగితం. రేపే చేరాలి.

“నువ్వు చెప్పు. ఉన్న ఉద్యోగం కాదని బ్లాగు రాసి సంపాదిస్తానంటున్నాడు. అది కూడు పెడుతుందా?”

ఆ బ్లాగును తయారు చేసిపెట్టింది నరహరే. పేరు ‘బావిగట్టు’. పాత బావులు, చెరువులు, మూసీ వరదలు, వాటి చుట్టూ బతికిన మనుషులు. శాంతికుమార్ రాస్తే చదివినంతసేపూ నీళ్ల చప్పుడు వినిపించేది. కానీ చదివేవాళ్లేరీ?

“ఇప్పుడైతే పెట్టది ఆంటీ. అన్న మంచిగ రాస్తడు, జనాలే లేరు. నౌకరీల చేరుమనండి. పొద్దుమీకి బ్లాగు రాసుకుంటడు.”

శాంతికుమార్ గుర్రుగా చూశాడు. మొహమాటానికి ఓ అబద్ధం చెప్పడం నరహరికి చేతకాని పనుల్లో ఒకటి.

“అసలు అందులో డబ్బులెట్టా వస్తాయిరా? చదివినోళ్లు ఇస్తారా?”

“వాళ్లివ్వరమ్మా. రాసినదాని మధ్యలో ప్రకటనలుంటాయి. బంగారం కొట్టుది, చీరలది, అప్పులిచ్చేవాళ్లది. ఎవరన్నా దాన్ని నొక్కితే ప్రకటనల కంపెనీవాడు నాకిస్తాడు.”

“నొక్కితేనా?”

“నొక్కితే.”

“ఊరికే నొక్కితేనా?”

“ఊరికే నొక్కితేనేనమ్మా! ఇక వదిలెయ్!”

రత్నమ్మ నిజంగానే వదిలేసింది. క్యారియర్ విప్పి ఇద్దరికీ వడ్డించింది. ఇంకో ప్రశ్న వేయకుండా ఆమె ఒక మాట వదిలేయడం నరహరి ఏనాడూ చూడలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. ఆకలి మీద ఉన్నాడు, రాలేదు.

తినేలోపు రాజీ కుదిరింది. ఉద్యోగంలో చేరతాడు. బ్లాగు మీద జీతమంత వచ్చిన నెల మానేస్తాడు. ఆ రోజు ఆవిడ కాదనదు, ఆవిడ కూడా మెట్లెక్కడం మానేసి ఇంట్లో కూర్చుంటుంది.

* * *

మిఠాయి దుకాణం పైన రెండో అంతస్తులో ఉంది కోచింగ్ సెంటర్. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల కోసం రోజూ నోట్సు రాసి సెంటర్ వెబ్‌సైట్లో పెట్టడం శాంతికుమార్ పని. కింద అతని పేరుండదు. ‘రాంచందర్ సార్ టీమ్’ అని ఉంటుంది.

మొదటి రోజు మూసీ వరద మీద రాసి ఇచ్చాడు. రాంచందర్ సార్ ఓపిగ్గా చివరిదాకా చదివాడు.

“మంచిగ రాసినవ్. ఏడుపొచ్చింది నాకు” అన్నాడు. “కానీ ఏడిస్తే పోరడు ఇంటికి పోయి పంటడు. గీడ భయం రాయాలె శాంతికుమార్. ‘ఈ ప్రశ్నలు తెల్వకపోతే నీ ఏడాది గంగల కలిసినట్టే’ – గిట్ల రాయి. భయమైతేనే పోరడు మన మెట్లెక్కుతడు.”

అప్పటినుంచి శాంతికుమార్ భయం రాశాడు. సాయంత్రం డాబా ఎక్కి, బూట్లతోనే మంచం మీద పడి, రేకు వైపు తిరిగి చెప్పేవాడు. “నరహరీ, ఇయ్యాల నేను భయపెట్టినోళ్లల్లో ఒకడు సెంటర్‌కు ఫోన్ చేసి ఏడ్చాడంట. సార్ నా భుజం తట్టాడు.” తల్లితో గోదావరి యాస, నరహరితో హైదరాబాద్ మాట. కంప్యూటర్ ముందు కూర్చుంటే రెండూ కానిది. ఆ మూడోది రోజురోజుకూ ఎండిపోతోంది. పగలంతా భయం రాసిన చేతికి సాయంత్రం నీళ్ల మీద మాట దొరికేది కాదు. రాసింది కొట్టేసేవాడు, మళ్లీ రాసేవాడు. అవతల మీటల చప్పుడు ఆగిపోతే ఇవతల నరహరికి నిద్ర పట్టేది కాదు.

ఆదివారాలు ఇద్దరూ క్యాంపస్‌లోకి నడిచేవాళ్లు. లైబ్రరీ పక్క చెట్ల కింద సిమెంటు బల్లల మీద పిల్లలు నోట్సులు పరుచుకుని బట్టీ పడుతుంటారు. అక్కడే ఓసారి స్నిగ్ధ అనే అమ్మాయి లేచి నిలబడింది.

“సార్, మీరు ‘బావిగట్టు’ రాస్తరు కదా? నేను చదువుత సార్.”

శాంతికుమార్ మొహం వెలిగింది. “ఏది నచ్చిందమ్మా?”

“అన్నీ మంచిగుంటయ్ సార్. కానీ సార్… గవి పరీక్షల వస్తయా?”

ఆ వెలుగు అక్కడికక్కడే ఆరిపోయింది. రావమ్మా అని నిజం చెప్పాడు. పాపం అనుకుంటూ ఆ పిల్ల మళ్లీ పుస్తకంలో తలపెట్టింది. తిరిగొస్తూ క్యాంపస్ పొదల మధ్య ఉన్న పాత మెట్లబావి దగ్గర శాంతికుమార్ ఆగిపోయాడు. బ్లాగులో మొదటి వ్యాసం ఆ బావి మీదే.

“అన్నా, ఇది నడిస్తే ఇంక మూడు పెడదాం” అన్నాడు నరహరి. “నువ్వు రాయి, మిషిన్ పని నాది. నేను మాత్రం ఎన్ని రోజులు ఫంక్షన్ హాళ్ల ఫొటోలు అతికియ్యాలె?”

ఓదార్పుకు మొదలుపెట్టిన మాటే గానీ, అంటుంటే అతనికే నిజమనిపించింది. చివరిదాకా చేయాలనిపించిన పని అతనికి జీవితంలో అదొక్కటే తగిలింది.

* * *

వానాకాలం మొదలయ్యాక ఒక సాయంత్రం శాంతికుమార్ రేకు మీద దబదబా బాదాడు. “రా! రా ఇటు!”

తెర మీద ఇన్నాళ్లూ శవంలా పడుకున్న ఆదాయం గీత లేచి కూర్చుంది. మర్నాడు నిలబడింది. ఆ వారమంతా మెట్లెక్కుతూనే ఉంది. శాంతికుమార్ కింద ఇరానీ హోటల్‌కు లాక్కెళ్లి టీ, బిస్కెట్లు ఇప్పించాడు. బిస్కెట్ టీలో ముంచి, తినడం మర్చిపోయి, అది విరిగి మునిగిపోయినా చూసుకోలేదు.

“చదువుతున్నార్రా. ఎక్కడో ఎవరో చదువుతున్నారు.”

నరహరి ఫోన్లో లెక్కలు తిరగేస్తున్నాడు. “అన్నా, ఒక మాట చెప్పాల్నా? చదివేటోళ్లు పెరగలే. నొక్కుడు పెరిగింది.”

“చదివింది నచ్చితేనే కదా నొక్కేది!”

“బావి గురించి నచ్చితే అప్పుల యాడ్ ఎందుకు నొక్కుతరే?”

“నాకు మంచి జరుగుతుంటే నీకు ఓర్చదురా నరహరీ.”

నరహరి నోరు మూసుకున్నాడు. అనుమానం పోయి కాదు. అతనికీ ఆ గీత అలా ఎక్కుతూ ఉండాలనే ఉంది.

ఈ ఊపున నెల తిరిగేలోపు జీతమంత వస్తుందని లెక్కేసుకుని, సోమవారం శాంతికుమార్ రాంచందర్ సార్ ముందు నిలబడి, ఇక భయం రాయలేనన్నాడు. ఇంకా ఏమేమో కూడా అన్నాడట, పిల్లల ఉసురు అనీ, పాపమనీ. సార్ కోపం తెచ్చుకోలేదు. “మంచిది. పోయి మంచిగ బతుకు. నీ తీరు ఒకామె గ్రంథాలయం కాడ చదువుతున్నది, స్నిగ్ధ అని. మొన్ననే వచ్చి పనుంటె చెప్పున్రి అన్నది. ఆమెను పిలుస్త” అన్నాడు. శాంతికుమార్ మెట్లు దిగుతూనే తల్లికి ఫోన్ చేశాడు. మానేశానమ్మా అన్నాడు. అవతల రత్నమ్మ స్తోత్రం స్తోత్రం అంటూ ఏడ్చేసింది.

గురువారం సాయంత్రం ప్రకటనల కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది.

ఇంగ్లీషు మెయిల్. అందులో కోపం లేదు, తిట్టు లేదు. మీ పేజీలో ప్రకటనలను కావాలని, పదేపదే, అవే ఫోన్ల నుంచి నొక్కిస్తున్నట్టు గుర్తించాం. మీ ఖాతా మూసేశాం. ఇప్పటిదాకా చేరిన సొమ్ము ప్రకటనలిచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చేస్తాం. ఇకమీదట మీరు మా దగ్గర ఖాతా తెరవడానికి వీల్లేదు. శాంతికుమార్ వెంటనే విన్నపం రాశాడు. తాను చరిత్ర చదివినవాణ్ననీ, అబద్ధమాడనివాణ్ననీ రాశాడు. ఆ మాటలు మనిషన్నవాడు చదివినట్టు లేదు. టీ చల్లారేలోపే కుదరదని జవాబొచ్చింది.

“నువ్వేనా? హాస్టల్ పోరగాళ్లతో నొక్కించినవా?” శాంతికుమార్ గొంతు మారిపోయింది.

“నేను సగం పనులు చేస్తనే గానీ దొంగ పనులు చెయ్యనన్నా” అన్నాడు నరహరి. కోపంగా కుర్చీ లాక్కుని పాత లెక్కలు తీశాడు. చూసేకొద్దీ అతని కోపం దిగిపోయింది. నొక్కినవన్నీ పొద్దున ఒకే వేళకు, అన్నీ చవక రకం ఫోన్లు, అన్నీ సికింద్రాబాద్ వైపువి.

“పొద్దున ఈ టైంకు గాడ ఏముంటదన్నా?”

శాంతికుమార్ తెర మీది వేళల మీద వేలు పెట్టుకుంటూ కిందిదాకా వచ్చాడు.

“రోజూ మా అమ్మ గదిలో స్త్రీల కూటమి. ప్రార్థన అయిపోయే వేళ అది.”

* * *

మర్నాడు పొద్దున ఆటో దిగి రైల్వే క్వార్టర్ల వెనక సందులోకి నడిచారు. రత్నమ్మ గది ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. లోపల పాట అయిపోయింది, కానీ ఎవరూ లేవలేదు. చాప మీద ఆడవాళ్లంతా కళ్లజోళ్లు పెట్టుకుని, ఫోన్లు మొహానికి దూరంగా పట్టుకుని చూస్తున్నారు.

“నాకూ తెల్లగానే వస్తోంది వదినా.”

“బంగారం కొట్టు రాలేదా?”

“ఏదీ రాలా. నిన్న చీరలు కూడా వచ్చాయి.”

“నెట్టు లేదేమో, ఆ కిటికీ దగ్గరికి పో. కామాక్షిగారూ, మీకొచ్చిందా?”

“డబ్బాలు ఉన్నాయి గానీ డబ్బాల్లో ఏమీ లేదండీ.”

గుమ్మంలో శాంతికుమార్‌ను చూడగానే చిట్టెమ్మకు ప్రాణం లేచొచ్చింది. “అదిగో, అబ్బాయే వచ్చాడు! బాబూ, చూడు నాయనా. మా ఫోన్లు చెడిపోయాయా, నీ ప్రకటనలు చెడిపోయాయా?”

శాంతికుమార్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. “మీరంతా… నొక్కుతున్నారా?”

“మరి! మొదట్లో తలా ఒకటి నొక్కేవాళ్లం. ఆ ఉద్యోగంలో నువ్వు చిక్కిపోతున్నావని మీ అమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. దాంతో వచ్చినకాడికి నొక్కేస్తున్నాం. మా మనవడు ఫోనివ్వకపోతే కోడలిది లాక్కుని నొక్కాను.”

“నేను హిందువులమ్మాయిని బాబూ” అంది పక్కింటి కామాక్షి నవ్వుతూ. “ప్రార్థనకు రాను, నొక్కడానికి మాత్రం వస్తాను.”

అందరూ నవ్వారు. శాంతికుమార్ కూడా నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు.

“చదివారా, నేను రాసింది?”

“మా కళ్లకంత ఓపిక ఎక్కడిది నాయనా” అంది చిట్టెమ్మ. “నీ పేరు దాకా చదువుతాం. తర్వాత వేలితో కిందికి తోస్తే ప్రకటనొస్తుంది.”

రత్నమ్మ లోపలి నుంచి టీ గ్లాసులతో వచ్చింది. కొడుకును చూసి వెలిగిపోయింది. “చూశావా? ఊరికే నొక్కితే చాలన్నావు కదా. నీకు తెలియకుండా చేసి, నువ్వు ఉద్యోగం మాని వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. చందా అడిగితే ఎవరి దగ్గరుంది? వేలు అందరి దగ్గరా ఉంది.”

నరహరికి ఇక ఆగలేదు. “ఆంటీ, అసలు సంగతేందంటే…”

శాంతికుమార్ అతని మణికట్టు పట్టుకున్నాడు. ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా.

“కంపెనీవాళ్లు ఏదో రిపేరు చేస్తున్నారమ్మా” అన్నాడు. “రెండ్రోజుల్లో వచ్చేస్తాయి. మీ ఫోన్లు బాగానే ఉన్నాయి.”

“హమ్మయ్య. ఉద్యోగం మానేశావు కదా, ఇప్పుడు ఆగితే ఎట్టా అని గుండె గుభేలుమంది.”

“ఆ సార్ వదలట్లేదమ్మా. బతిమాలుతున్నాడు. కొన్నాళ్లు రెండూ చేస్తాను.”

“బతిమాలుతున్నాడా!” రత్నమ్మ అందరి వైపూ తిరిగి చూసింది. ఆడవాళ్లు తలలూపారు. బతిమాలడా మరి, మన నొక్కుడు అలాంటిది.

టీ తాగి బయటికి వచ్చాక శాంతికుమార్ నేరుగా కోచింగ్ సెంటర్‌కు వెళ్లాడు. నరహరి కింద మిఠాయి దుకాణం ముందు నిలబడ్డాడు. ఎక్కినవాడు ఎంతకీ దిగలేదు. దిగినప్పుడు మెడలో కార్డుంది.

“ఏమన్నడన్నా?”

“టేబుల్ లేదంట. స్నిగ్ధ పక్కపొంటి కూసొని ఆమె చెప్పింది రాయాలంట. జీతం కూడా మునుపటంత కాదు.” మెడలో కార్డు తిప్పుతూ అన్నాడు, “ఆ పిల్ల నన్ను చూసి లేచి నిలబడింది నరహరీ. సార్ అన్నది. రాంచందర్ సార్ ఆమెను కూర్చోమన్నాడు.”

ఇద్దరూ క్యాంపస్ వైపు నడిచారు. వాన కురిసి వెలిసింది. చెట్ల కింద పిల్లలు తడిసిన బల్లల మీద పేపర్లు పరుచుకుని మళ్లీ చదువుకు కూర్చుంటున్నారు. మెట్లబావి దగ్గర పాచి పట్టిన పై మెట్టు మీద శాంతికుమార్ చతికిలబడ్డాడు. ప్యాంటు తడుస్తుందని కూడా చూసుకోలేదు.

“చెప్పెయ్యరాదే అన్నా” అన్నాడు నరహరి. “ఆమె నిజం తట్టుకుంటది. ఎన్ని చావులు చూసిందో.”

“తట్టుకుంటది. కానీ ఇంకెప్పుడూ ఎవరినీ ఏదీ అడగదు. ఆ చిట్టెమ్మ మొహం చూడలేకపోతది. వాళ్లందరినీ కూడగట్టి నా నోట్లో మట్టి కొట్టిందని తెలిస్తే, ఆ గదిలోకి మళ్లీ పాట రాదురా.”

“మరెన్ని రోజులు దాస్తవ్? తెల్ల డబ్బాలు చూసి రేపు మళ్లా అడుగుతరు.”

“అదే అడుగుదామనుకుంటున్నా నిన్ను.”

శాంతికుమార్ కార్డు మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. బావిలోకి చూస్తూ మాట్లాడాడు.

“యాడ్ల లెక్క కనబడే బొమ్మలు చెయ్యి. బంగారం కొట్టు ఒకటి, చీరలు ఒకటి. అప్పులది వద్దు. ఆ డబ్బాల్లో పెట్టు.”

“నొక్కితే యాడికి పోవాలె?”

“యాడికీ పోవద్దు. ‘నొక్కినందుకు వందనాలు’ అని రావాలి, చాలు. అక్షరాలు పెద్దగ పెట్టు, వాళ్లకు కనబడాలి.”

శాంతికుమార్ అతని వైపు తిరిగాడు.

“రోజూ మార్చాలె. ఒకటే బొమ్మ రెండు రోజులుంటే మా అమ్మ పట్టేస్తది. రేపు ప్రార్థన అయ్యేలోపు మొదటిది ఉండాలి. నా పొట్ట కోసం అడుగుతలేను నరహరీ, ఇదొక్కటి సగంలో వదిలెయ్యకురా.”